గోడకి ఏడు కన్నాలు

మా ఇంటి వెనక గోడకి ఏడు కన్నాలుండేవి. విజయవాడ కొత్తపేటలో కొండ మీదకి వెళ్లే మెట్ల దారిలో, నూట పది మెట్లు ఎక్కాక ఎడమ చేతి పక్క మా ఇల్లు. కొండని తొలిచి చదును చేసిన జాగా కాబట్టి వెనక వైపు తొమ్మిదడుగుల ఎత్తున మట్టి నిలువుగా ఉండేది. అది జారకుండా తాతయ్య రాతిగోడ కట్టించారు. ఆ కట్టిన మేస్త్రీ మోకాలెత్తులో వరసగా ఏడు కన్నాలు వదిలాడు. వానాకాలంలో వాటిలోంచి ఎర్రటి నీళ్లు బొట్లుబొట్లుగా కారి, బట్టలుతికే బండ కిందుగా పారేవి. జెర్రులు వచ్చేదీ అందులోంచే. ఒకసారి పాము తోక కనపడిందని మా అక్క వారం రోజులు పెరట్లో అడుగు పెట్టలేదు.

అక్క పెళ్లికి ఇంటికి సున్నం వేయిస్తూ నాన్న ఆ కన్నాలన్నీ సిమెంటుతో పూడ్పించారు. పెరడు పొడిగా, శుభ్రంగా కనపడింది. అందరం సంతోషించాం. మూడో వానాకాలానికి గోడ నడుమ ఉబ్బింది. పొట్ట వచ్చినట్టుందేమిటని అమ్మ అంటే, పాత గోడ కదా అని సరిపెట్టుకున్నాం. ఆ ఏడు వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజు రాత్రి, మూడు రోజులు ముసురు పట్టాక, ఆ గోడ వెనక వసారా మీద పడింది. మామూలుగా నాయనమ్మ మంచం ఉండేది అక్కడే. ఆ సాయంత్రం రేకు కారుతోందని మంచం ముందు గదిలోకి మార్చాం కాబట్టి ఆవిడ బతికింది. వాన తెల్లవారుజామున ఆగింది. మట్టికుప్పలోంచి నీళ్లు మాత్రం మధ్యాహ్నం దాకా కారుతూనే ఉన్నాయి.

ఆ నీళ్లని చూస్తూ నిలబడ్డ మధ్యాహ్నం నుంచి కొండచరియల గురించి ఏ వార్త వచ్చినా వదలకుండా చదువుతున్నాను. "భారీ వర్షానికి కొండచరియలు విరిగిపడ్డాయి" అన్న వాక్యం మన పేపర్లలో ప్రతి ఏడాదీ అచ్చవుతుంది. అది చదివిన వాళ్లకి తప్పంతా ఆకాశానిదే అనిపిస్తుంది. మా గోడని పడగొట్టింది మూడు రోజుల ముసురు ఒక్కటేనని నేను ఒప్పుకోలేను. అంతకంటే పెద్ద వానలు ఆ గోడ చూసింది. నీళ్లు బయటికి పోయే దారి మేము మూసేశాం.

చిన్నప్పుడు ఇసుకలో పిచ్చుక గూళ్లు కట్టని వాళ్లుండరు. పాదం మీద తడి ఇసుక కప్పి, అరచేత్తో తట్టి, మెల్లగా కాలు లాగితే గూడు నిలబడుతుంది. పొడి ఇసుకతో అది నిలవదు. అదే గూటి మీద చెంబెడు నీళ్లు గుమ్మరిస్తే చతికిలబడుతుంది. కొండ వాలు కథ కూడా ఇంతే. కాస్త తేమ ఉంటే మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సందులన్నీ నీళ్లతో నిండిపోతే ఆ నీళ్లే రేణువులను విడదీసి పైకి తోస్తాయి, పట్టు సడలుతుంది. పైన బరువు పెరిగి, కింద పట్టు తగ్గి, ఒక గడియలో వాలు తన్నుకొస్తుంది. అందుకే చాలా సార్లు మొదటి రోజు వానకి ఏమీ కాదు. నాలుగు రోజులు నాని, అయిదో రోజు గంటసేపు దంచి కొడితే అప్పుడు జారుతుంది.

గోడ వెనక నీళ్లు నిలిస్తే ఎంత బరువు తోస్తుందో తర్వాత ఒక సివిల్ ఇంజనీరు నాకు కాగితం మీద లెక్క వేసి చూపించారు. మూడు మీటర్ల గోడ, దాని వెనక పై అంచు దాకా నీళ్లు. పొడవులో ప్రతి మీటరుకీ నాలుగున్నర టన్నుల తోపుడు, అదీ నీళ్లది మాత్రమే. మట్టిది వేరే. పెద్ద మగ ఏనుగు బరువు దాదాపు అంతుంటుంది. మా గోడ పొడవు ఆరు మీటర్లు. ఆరు ఏనుగులు ఆనుకుని నిలబడితే ఏ గోడ ఆగుతుంది? ఆ ఏడు కన్నాలు అన్నేళ్లూ ఆ ఏనుగుల్ని దగ్గరకి రానివ్వలేదు. ఇంజనీర్లు వాటిని వీప్ హోల్స్ అంటారు. వాటి వెనక కంకర, ఇటుక ముక్కలు పోస్తే మట్టి కొట్టుకుపోకుండా నీళ్లు మాత్రమే బయటికొస్తాయి. ఆ మేస్త్రీ చదువుకున్నాడో లేదో తెలీదు గానీ ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆ పని ఎందుకు చేశాడో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

బెజవాడ కొండల రాయి గురించి కూడా చెప్పాలి. తూర్పు కనుమల్లో ఎక్కువగా దొరికే ఈ రాయిని కోండలైట్ అంటారు. ఆ కొండల్లో బతికే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. కోణార్క్ సూర్య దేవాలయం కట్టింది ఈ జాతి రాయితోనే. అక్కడి శిల్పాల ముఖాలు ఎలా అరిగి కరిగిపోయాయో చూసిన వాళ్లకి ఈ రాయి స్వభావం తెలిసిపోతుంది. గాలికీ నీటికీ ఇది మెత్తబడి, పొడిగా రాలి, ఎర్రమట్టిగా మారుతుంది. అయితే అంతా ఒకేలా మారదు. గట్టి భాగాలు పెద్ద పెద్ద గుండ్లుగా మిగిలి, చుట్టూ మెత్తటి మట్టి పరుచుకుంటుంది. ఆ మట్టి గుండుకి పరుపు లాంటిది. వానకి పరుపు కొట్టుకుపోతే గుండు దొర్లుతుంది. మా వీధిలో మెట్ల పక్కన ఒక గుండు ఉంది. దాని మీద చిన్నప్పుడు జారుడుబండ ఆడేవాళ్లం. ఇప్పుడు దాని కిందికి వేలు పెడితే మణికట్టు దాకా వెళుతుంది.

2024 ఆగస్టు 31. ఆ శనివారం మా విజయవాడలోనే మొగల్రాజపురం సున్నపుబట్టీల దగ్గర కొండ మీంచి బండరాళ్లు దొర్లి ఇళ్ల మీద పడ్డాయి. కనీసం అయిదుగురు చనిపోయారు. మర్నాటికి బుడమేరు వాగు పొంగి సగం ఊరు మునిగింది. లక్షల మంది నీళ్లలో, మేడల మీద, పాలు లేక, మంచినీళ్లు లేక ఉన్నప్పుడు కొండ సంగతి ఎవరికి గుర్తుంటుంది? బుడమేరు గట్ల గురించి, ఆక్రమణల గురించి నెలల తరబడి మాట్లాడుకున్నాం. మాట్లాడాల్సిందే. కానీ ఆ ఇళ్ల మీద పడ్డ రాళ్ల గురించి జరగాల్సిన చర్చ ఆ వరదలోనే కొట్టుకుపోయింది. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ బాధతోనే.

కొండ దిగిన రాయికి ముఖ్యమంత్రి, మామూలు మనిషి అన్న తేడా లేదు. 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాల్లో మూలా నక్షత్రం రోజున, అప్పటి ముఖ్యమంత్రి అమ్మవారి దర్శనానికి రావడానికి కాసేపు ముందు ఇంద్రకీలాద్రి మీద కొండచరియ విరిగిపడింది. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డులో పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతింది. ఇలాంటి చోట్ల నిపుణులు వస్తారు, రాయి రాయికీ పరీక్ష జరుగుతుంది, ఇనుప వలలు కడతారు, వదులైన బండల్ని రాడ్లతో లోపలి రాయికి బిగిస్తారు. చేయాల్సిన పని ఏమిటో మన దగ్గర తెలిసిన వాళ్లు ఉన్నారనడానికి ఇదే సాక్ష్యం. ఆ తెలివి గుడి మెట్ల నుంచి మొగల్రాజపురం మెట్ల దాకా రావాలి.

కొండ మీద వాళ్లకి ఎవరూ చెప్పని లెక్క ఒకటి ఉంది. మా నాయనమ్మ కాలంలో కింద వీధి కుళాయి దగ్గర క్యూలో నిలబడి, చంకనొకటి, తలమీదొకటి బిందెలు పెట్టుకుని మెట్లెక్కేవారు. అలా మోసిన నీళ్లని ఎవరూ పారబోయరు. బియ్యం కడిగిన నీళ్లు గేదెకో, మొక్కకో. స్నానం నీళ్లు అరటి చెట్టుకి. తర్వాత కొండ మీద రిజర్వాయర్లు కట్టారు, మోటార్లు పెట్టారు, ఇంటింటికీ కుళాయి వచ్చింది. ఆడవాళ్ల నడుములు బతికాయి, అది చిన్న విషయం కాదు. ఆ కుళాయి రావడం తప్పని నేను ఎన్నటికీ అనను. కానీ ఒక ఇంట్లో అయిదుగురు ఉన్నారనుకోండి. మనిషికి వంద లీటర్ల లెక్కన రోజుకి 500 లీటర్లు, నెలకి 15,000 లీటర్లు. ఆ ఇల్లు 60 గజాలు. ఆ నీళ్లన్నీ ఆ జాగాలోనే ఇంకితే 30 సెంటీమీటర్ల వాన పడినట్టు. నెలకి! విజయవాడలో ఏడాది మొత్తం కురిసే వాన సుమారు 100 సెంటీమీటర్లు. సగం నీళ్లే ఇంకాయనుకున్నా, ఎండాకాలంలో కూడా ఆ కొండకి వానాకాలమే.

నీళ్లు పైకి ఎక్కించడానికి మోటార్లు కొన్నాం. అవి కిందికి దిగడానికి సరిపడా కాలువలు తవ్వలేదు. చాలా ఇళ్లలో వంటింటి గొట్టం గోడ దాటి బయట మట్టిలోకి తెరుచుకుంటుంది, అంతే. కింది ఇంటి వెనక గోడ ఆ నీళ్లు తాగుతుంది. పక్కనే ఉన్న మరుగుదొడ్డి గుంటదీ అదే దారి. జూన్ వచ్చేసరికి కొండ అప్పటికే సగం నాని ఉంటుంది. ఇక తుపాను నిమిత్తమాత్రం.

నేను పట్టుబట్టి చెప్పే మాట ఒక్కటే. కొండ ఇళ్ల కోసం డబ్బు ఖర్చు పెట్టాలంటే మొదటి రూపాయి కాలువకి వెళ్లాలి. గోడ తర్వాత. మన దగ్గర వరస తిరగబడింది. రాయి పడిన ప్రతిసారీ రిటైనింగ్ వాల్‌కి, అంటే మట్టిని ఆపే గోడకి, శంకుస్థాపన జరుగుతుంది. గోడకి ఫొటో బాగా వస్తుంది, శిలాఫలకం పెట్టడానికి చోటుంటుంది. వెనక నీటికి దారి లేకుండా కట్టిన గోడ పడేటప్పుడు తన బరువుతో సహా పడుతుందని మా వసారా చెబుతుంది.

ఇదేదో నా సొంత పైత్యం కాదు. కరీబియన్ సముద్రంలో సెయింట్ లూసియా అని చిన్న ద్వీప దేశం ఉంది. అక్కడా పేదల ఇళ్లు కొండవాలు మీదే. 2004 నుంచి అక్కడ ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు, స్థానిక ప్రభుత్వ ఇంజనీర్లు కలిసి ఒక పని మొదలుపెట్టారు. వాలు మీద ఇల్లిల్లూ తిరిగి నీళ్లు ఎక్కడ పుడుతున్నాయి, ఎక్కడ ఇంకుతున్నాయి అని ఆ ఇళ్ల వాళ్లనే అడిగి పటం గీశారు. వాలుకి అడ్డంగా సిమెంటు కాలువలు వేసి, ఇంటి కప్పు నీళ్లనీ వంటింటి నీళ్లనీ గొట్టాలతో వాటిలో కలిపారు. కూలి పని కూడా ఆ కాలనీ వాళ్లకే ఇచ్చారు. 2010లో టొమాస్ హరికేన్ ఆ దేశాన్ని కుదిపేసింది, చుట్టుపక్కల ఎన్నో వాలులు జారాయి. కాలువలు వేసిన ఆ కాలనీల్లో జారలేదు. ఇందులో మన మేస్త్రీలకి చేతకాని పని ఒక్కటైనా ఉందా?

హాంకాంగ్ సంగతి ఇంకా కష్టపడి నేర్చుకున్న పాఠం. 1972 జూన్ 18న ఒకే రోజు రెండు చోట్ల కొండ జారి 138 మంది చనిపోయారు. ఒకచోట పేదల బస్తీ, ఇంకోచోట డబ్బున్న వాళ్ల అపార్టుమెంట్లు. నాలుగేళ్లకి, 1976లో, ఆ బస్తీ దగ్గరే మళ్లీ జారి 18 మంది పోయారు. ఆ మరుసటి ఏడే వాలుల కోసం ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ విభాగం పెట్టారు. ఇప్పుడక్కడ మనుషులు తొలిచిన వాలులు సుమారు 60,000 లెక్కలో ఉన్నాయి. బండికి నంబరు ప్లేటు ఉన్నట్టు వాలుకి నంబరు ఉంటుంది, దాన్ని చూసుకోవాల్సింది ఎవరో రాసి ఉంటుంది. మా వెనక వాలుకి నంబరు లేదు. అది కార్పొరేషన్‌దా, రెవెన్యూదా, అటవీ శాఖదా, మాదా అని అడిగితే నాలుగు చోట్ల నాలుగు జవాబులు వచ్చాయి.

ఇక్కడ కేరళలోని వయనాడ్ గురించి మాట్లాడకపోతే అన్యాయం. 2024 జులై 30 తెల్లవారకముందే ముండక్కై, చూరల్‌మల ఊళ్లని తుడిచిపెట్టేసిన ఆ ప్రవాహానికి నేను చెప్పే కాలువలు అడ్డం కావు. ఆ సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. 48 గంటల్లో 57 సెంటీమీటర్ల వాన. పైన ఎక్కడో 1,550 మీటర్ల ఎత్తులో జారిన మట్టి, రాళ్లు, చెట్లు కలిసి ఏటి దారి పట్టుకుని దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల్లో 86,000 చదరపు మీటర్ల నేల జారినట్టు తేలింది. 250 మందికి పైగా చనిపోయారు. అక్కడ ప్రాణాలు నిలిపేవి వేరే. కొండ పైన ఎంత వాన పడిందో గంట గంటకీ తెలియడం, తెలిసిన మాట వినే వాళ్లుండటం, ఏటి దారిలో ఇళ్లు లేకపోవడం. కల్పెట్టలోని హ్యూమ్ సెంటర్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు రైతుల ఇళ్లలో, తోటల్లో వానమాపకాలు పెట్టించి లెక్కలు రాస్తుంటారు. ముందు రోజే ప్రమాదం ఉందని అధికారులకి చెప్పారు కూడా. అక్కడికి కొద్ది దూరంలోనే పుత్తుమలలో 2019 ఆగస్టు 8న కొండ జారి 17 మంది చనిపోయి అప్పటికి అయిదేళ్లే. సరిగ్గా పదేళ్ల ముందు అదే జులై 30న మహారాష్ట్రలో మాళిన్ అనే గిరిజన గ్రామం మట్టి కింద పడి 151 మంది పోయారు.

అదే రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో దేశపు కొండచరియల అట్లాస్ విడుదల చేసింది. 1998 నుంచి 2022 వరకు దాదాపు 80,000 చోట్ల జారిన గుర్తులు. ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ జిల్లా అన్నిటికంటే పైన. హిమాలయాలు, పడమటి కనుమలు ముందు వరసలో ఉండటం న్యాయమే. కానీ ఒక ఇంటి వెనక గోడ పడితే, ఒక గుండు దొర్లి రెండు గదులు నలిగితే, ఉపగ్రహానికి కనపడదు. మన ఊళ్లలో మనుషులు చనిపోయేది ఎక్కువగా ఇలాంటి చిన్నవాటికే. అందుకే ఆ పటాల్లో మన కొండలు ఎర్రగా లేవని ధైర్యంగా ఉండకూడదు.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. "అసలు వాళ్లు కొండెక్కడం దేనికి? ఖాళీ చేయించి వేరే చోట ఇళ్లిస్తే పోలా?" ఇది దురుద్దేశంతో అడిగే ప్రశ్న కాదు, జవాబు చెప్పాలి. కొన్ని ఇళ్లు నిజంగానే ఖాళీ చేయాలి. వదులైన గుండు కింద ఉన్నవి, నేల బీటలిచ్చిన చోటున్నవి. అందులో మొహమాటం అక్కర్లేదు. మిగతా వేల ఇళ్ల సంగతేమిటి? మా మెట్ల దారిలో ఉండేవాళ్లు వన్‌టౌన్ గోడౌన్లలో మూటలు మోసేవాళ్లు, తెల్లవారుజామున మార్కెట్లో కూరగాయలు దించేవాళ్లు, కింద అపార్టుమెంట్లలో వంటలు చేసేవాళ్లు. పని నడిచివెళ్లే దూరంలో ఉంటేనే వాళ్లకి పూట గడుస్తుంది. ఊరి బయట ఇల్లిస్తే ఆటో ఖర్చుకే కూలి సరిపోతుంది. వెనక్కి వస్తారు, లేదా వాళ్లు వదిలిన గదిలోకి ఇంకొకరు వస్తారు. పైగా పేదలకి ఇళ్లు కట్టిన జక్కంపూడి కాలనీ కూడా ఆ 2024 వరదలో మునిగింది. కొండ మీది ప్రమాదం నుంచి తప్పించి నీళ్లలోకి పంపడం పరిష్కారం ఎలా అవుతుంది?

పట్టా లేని ఇంటికి కాలువ వేస్తే ఆక్రమణని ఒప్పుకున్నట్టు అవుతుందని ఇంకొక వాదన. కరెంటు మీటరు ఇచ్చారు, కుళాయి ఇచ్చారు, ఇంటి పన్ను కట్టించుకుంటున్నారు, ఓటు వేయించుకుంటున్నారు. వీటన్నిటికీ అడ్డురాని పట్టా కాలువకి మాత్రం అడ్డొస్తుందా? ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

మేము చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి, అన్నీ ప్రభుత్వం మీదికి తోయను. కొండ వాలు జారేముందు చాలా సార్లు చెప్పే జారుతుంది. తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మెట్టుకీ గోడకీ మధ్య కొత్త సందు పడుతుంది. కరెంటు స్తంభం కాస్త ఒరుగుతుంది. ఎప్పుడూ తేటగా వచ్చే ఊట బురదగా మారుతుంది, లేదా వాన పడుతుండగానే హఠాత్తుగా ఆగిపోతుంది. ఆగిపోవడం మరీ చెడ్డది, నీళ్లు లోపల నిలుస్తున్నాయని అర్థం. పగుళ్లలో బంకమట్టి కూరి, పైన టార్పాలిన్ కప్పితే వాన నేరుగా లోపలికి దిగదు. ఖాళీ మట్టి వాలు ఉంటే వట్టివేరు నాటొచ్చు, దాని వేళ్లు రెండు మూడు మీటర్లు నిట్టనిలువుగా దిగి మట్టిని కుట్టేస్తాయి. రాతి సందులో మొలిచిన రావి మొక్క మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. వేరు లావెక్కేకొద్దీ బండని చీలుస్తుంది. పూజ చేసే చెట్టని వదిలేస్తారు, పీకమంటే పాపమంటారు. మొలకగా ఉన్నప్పుడే తీసి కింద నేల మీద నాటమని నేను అడుగుతుంటాను. కొందరు వింటున్నారు.

మా గోడని మళ్లీ కట్టించినప్పుడు ఈసారి రెండు వరసల్లో పద్నాలుగు కన్నాలు పెట్టించాం, వెనక అడుగున్నర మందాన కంకర పోయించాం. నాన్న దగ్గరుండి ఒక్కో గొట్టం వంపు చూసుకున్నారు. పాత గోడ గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడరు. ప్రతి ఏడూ మృగశిర కార్తె ముందు ఇనుప చువ్వ తీసుకుని ఆయనే కన్నాలు శుభ్రం చేసేవారు. మోకాళ్ల నొప్పులు వచ్చాక ఆ పని నాకు వచ్చింది. పోయినసారి కింది వరసలో నాలుగో దానిలో చువ్వ మూరెడు దిగాక మెత్తగా ఏదో తగిలింది. తిప్పి లాగితే వేళ్ల చిక్కు, వెనకే ఎర్రటి నీళ్లు బుస్సుమని నా చేతుల మీద పడ్డాయి. అప్పటికి పది రోజులుగా చినుకు లేదు. పై ఇళ్ల వంటిళ్ల నీళ్లవి, సబ్బు వాసన వచ్చింది.

ఆ నీళ్లు మా పెరడు దాటి, గట్టు దిగి కింది ఇంటి వైపు పారాయి. ఆ ఇంటి పిన్నిగారు చీపురు పట్టుకుని బయటికొచ్చారు. "మీ గోడ బాగుందమ్మా, ఇప్పుడు ఇదంతా మా గోడ వెనక్కి చేరుతుంది. నేనేం చేయాలి?" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయం. మెట్ల పక్క కాలువ మా ఇంటికి నలభై అడుగుల కిందే మొదలవుతుంది. ఆ నలభై అడుగుల కోసం మూడుసార్లు అర్జీ పెట్టాను. ప్రస్తుతానికి నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం ఒకటి కొని, మా పెరట్లోంచి ఆవిడ ఇంటి పక్కగా కాలువ దాకా పరిచాం. సగం డబ్బు ఆవిడే ఇచ్చారు. గొట్టం మెట్టు దాటే చోట పిల్లలు తొక్కకుండా రెండు ఇటుకలు పెట్టాం.